మూడు పట్టాల నడుమ కూలి బతుకు

విజయవాడ గుణదలలో పేదవాడికి మూడు పట్టాలు తెలుసు. రాత్రీ పగలూ పక్కనే ధడధడలాడే రైలు పట్టాలు ఒకటి. మబ్బు పట్టగానే నెత్తిమీదికి లాక్కునే టార్పాలిన్ పట్టా రెండోది. మూడోది ఇంటి పట్టా. మొదటి రెండూ రోజూ కంటికి కనబడేవే. మూడోదాని కోసమే ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరగటం, అర్జీలు రాయించటం, ఎన్నికల ముందు వచ్చిన ప్రతి నాయకుడికీ దణ్ణం పెట్టటం.

ఈ మూడు పట్టాల నడుమ ఒక కుటుంబం ఎలా బతుకుతోంది? ఇల్లు లేకపోవటమంటే వానకు తడవటం, ఎండకు మాడటం ఒక్కటేనా? పేదల ఇళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది నాలుగు గోడలు, ఒక కప్పు లెక్కే చెబుతారు. గుడిసె గుడిసెకీ తిరిగి అడిగి చూడండి. పోతున్నది అంతకంటే చాలా పెద్దదని తెలుస్తుంది.

పొలం నుంచి కాలవ కట్టకి

రైతుల సంగతులు, కూలీల సంగతులు రాసేచోట పట్నం గుడిసెల గొడవేమిటని కొందరు అనొచ్చు. అయ్యా, ఆ గుడిసెల్లో ఉన్నదెవరు? నిన్నటిదాకా డెల్టాలో ఊడ్పులు ఊడ్చినవాళ్ళు, కుప్పలు వేసినవాళ్ళు, మినుము తీసినవాళ్ళు. వరికోత యంత్రం పొలంలో దిగాక కోతల కూలి పోయింది. ముఠా అంతా పొద్దుగూకేదాకా నడుం వంచి చేసే పనిని యంత్రం గంట సేపట్లో ముగిస్తోంది. కైకలూరు వైపు, కొల్లేటి వైపు పొలాలు చేపల చెరువులయ్యాయి. చెరువుకి కాపలా ఉండేవాడు కావాలి గాని, ఊడ్చే ఆడకూలీ అక్కరలేదు. దాళ్వాకి కాలవ నీళ్ళు వస్తాయో రావో నమ్మకం లేదు. ఇక ఊళ్ళో ఏముంది? 2005 ఉపాధి హామీ చట్టం కింద ఇచ్చిన జాబ్ కార్డు ఊరి గుమ్మం దాటితే చెల్లేది కాదు. దాన్ని పెట్టెలో పెట్టుకుని బెజవాడ బస్సెక్కారు.

పల్నాడు నుంచి వచ్చినవాళ్ళున్నారు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళున్నారు. తాపీ పని, సెంట్రింగు పని, మట్టి పని, ఇళ్ళలో పాచి పని. పొద్దున్నే కూలి అడ్డాలో నిలబడినవాడికే పని దొరుకుతుంది. అడ్డాకి దగ్గర్లో ఉండాలి. దగ్గర్లో అద్దె కట్టే శక్తి లేదు. మరి ఎక్కడుంటారు?

విజయవాడ నగరం గుండా ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ పోతాయి. కాలవల్లో పడవలు నడిచిన రోజులకు గుర్తుగా గుణదలలో పడవల రేవు అనే పేరు ఇప్పటికీ మిగిలింది. పడవలు పోయాయి, కట్టలు మిగిలాయి. ఆ కట్టల మీద, రైలు లైను వెంబడి, కొండవాలున గుడిసెలు లేచాయి. ఒకటి నీటిపారుదల శాఖది, ఒకటి రైల్వేది, ఒకటి కొండ పోరంబోకు. ముగ్గురు యజమానుల్లో ఒక్కరూ ‘ఉండు’ అనరు.

తాత్కాలికం అంటే ఎన్నాళ్ళు?

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్ళు జరుగుతాయి. లక్షల మంది జనం వస్తారు. పందిళ్ళు వేస్తారు, నీళ్ళు పెడతారు. మూడు రోజులయ్యాక జనం ఇళ్ళకు పోతారు, పందిళ్ళు ఎత్తేస్తారు. తాత్కాలికం అంటే అదీ. దానికి మొదలుంటుంది, చివరి తేదీ ఉంటుంది, ఆ తర్వాత పోవటానికి ఒక ఇల్లుంటుంది.

కూలివాడి గుడిసె సంగతి చూడండి. వేసేటప్పుడు ‘ఈ వానాకాలం గడిస్తే చాలు’ అని వేస్తాడు. అందులోనే ఆడపిల్ల పుడుతుంది, అందులోనే పెద్దమనిషవుతుంది, అక్కడి నుంచే అత్తారింటికి పోతుంది. సర్కారు కాగితాల్లో మాత్రం ఆ గుడిసె తాత్కాలికమే.

చివరి తేదీ తెలియని ఈ తాత్కాలికమే అసలు రోగం. రేపు ఉంటామో లేమో తెలియనివాడు గోడ పెట్టడు, మరుగుదొడ్డి కట్టడు. మేకపిల్లను కొనడు, బీరపాదు కూడా పెట్టడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఇంటి మీద పెట్టడు. పెడితే ప్రొక్లెయిను వచ్చిన రోజు అదీ మట్టిలో కలుస్తుంది. బయటినుంచి చూసేవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు, శుభ్రం తెలియని జనం అంటారు. లెక్క తెలిసిన ఏ మనిషైనా ఆ స్థితిలో అంతే చేస్తాడు.

ఇల్లు లేకపోతే పోయేదేమిటి?

మొదట పోయేది కూలి. తలుపూ తాళమూ లేని గుడిసెలో గ్యాసు బండ, గిన్నెలు, ఆధార్ కార్డులు ఎవరు కాయాలి? ఒకరు పని మానుకుని ఉండాలి. ఖాళీ చెయ్యమన్న కబురు వస్తే ఇద్దరూ మానాలి. రోజు కూలి 600 రూపాయలనుకోండి. సామాను మొయ్యటానికి, కొత్త చోటు వెతకటానికి, మళ్ళీ గుంజలు పాతటానికి ఇద్దరికీ ఆరేసి రోజులు పోయాయనుకోండి. 7,200 రూపాయలు గాలికి పోయినట్టే. కర్రలు, తాళ్ళు, కొత్త పట్టా, ఆటో కిరాయి పైన. ఆ డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? అప్పు. గుడిసెవాడికి అద్దె బాధ లేదని మాట్లాడేవాళ్ళు ఈ లెక్క కూడా వెయ్యాలి.

రెండోది ఆడవాళ్ళ ఆరోగ్యం. తెల్లారుజామున నాలుగింటికే లేచి చీర చాటున నీళ్ళు పోసుకోవాలి. పగటిపూట బయటికి పోవలసి వస్తుందని మంచినీళ్ళు తాగటం తగ్గించేస్తారు. మూత్రంలో మంట, నడుం నొప్పి, మాత్రలు. ముట్టు రోజులొస్తే చెప్పనక్కరలేదు. బాలింత పసిబిడ్డతో రేకు కింద మే నెల ఎండకి ఉడికిపోతుంది. ఎదిగిన పిల్ల ఇంట్లో ఉంటే తల్లికి రాత్రి నిద్ర ఉండదు. అందుకని 18 నిండకుండానే ఎవరికో ఒకరికి కట్టబెట్టి ‘గండం గడిచింది’ అనుకుంటుంది. బాల్యవివాహం నేరమని మనం మీటింగుల్లో చెబుతాం, చెప్పాలి కూడా. కాని తలుపుకి గడియ లేని తల్లికి ఆ ఉపన్యాసం కాపలా కాస్తుందా?

మూడోది పిల్లల చదువు. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. టి.సి. లేదని, వయసు కాగితం లేదని పిల్లల్ని బళ్ళో చేర్చుకోకుండా ఉండకూడదని చట్టం చెబుతోంది. చేర్చుకుంటారు సరే, నిలబడేదెలా? వానకి పుస్తకాలు తడుస్తాయి. దీపం ఉండదు. తల్లిదండ్రులు పనికి పోతే గుడిసెకీ చంటిదానికీ కాపలా పెద్దపిల్లే. రెండుసార్లు బడి మారిన పిల్లవాడు మూడోసారి పోనంటాడు. కొత్త బళ్ళో పాఠం ఎక్కడుందో తెలియదు, పక్కన కూర్చునేవాడు తెలియదు. ఆ తర్వాత వాడు కనబడేది అడ్డాలోనే.

నాలుగోది ఇంకా పెద్దది. కుటుంబమే ముక్కలవుతుంది. చోటు చాలక ముసలివాళ్ళు ఊళ్ళో ఉండిపోతారు. పిల్లలు హాస్టల్లో, మొగుడు సైటు షెడ్డులో, పెళ్ళాం పనిచేసే ఇంటి మెట్ల కింద. అందరూ కలిసి ఉన్నచోట ఒక్క గుడిసెలో అత్తామామలు, కొడుకూ కోడలు, పిల్లలు. మాట్లాడుకోవటానికి చాటు ఉండదు, ఏడవటానికి చాటు ఉండదు. చిన్నమాట తగాదా అవుతుంది, తగాదా సారా దుకాణం దాకా పోతుంది.

ఇక సైటు షెడ్డు సంగతి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం, పని జరిగినన్నాళ్ళు యజమాని ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలని రాసింది. అదైనా ఎన్ని సైట్లలో ఇచ్చారన్నది కూలీలకు తెలుసు. అసలు కిటుకు ‘పని జరిగినన్నాళ్ళు’ అన్న మాటలో ఉంది. మేడ పూర్తయిన రోజే కట్టినవాడి నీడ పోతుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కూలివాడు బతుకంతా ఇళ్ళు కట్టి చూస్తూనే ఉంటాడు, ఒక్కటీ తనది కాదు.

లెక్కలో లేని మనుషులు

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. ఫుట్‌పాత్ మీద, వంతెనల కింద, తూముల్లో, స్టేషన్లలో పడుకున్నవాళ్ళు వీళ్ళు. మరి టార్పాలిన్ కింద ఉన్నవాడో? అతనికి ఇల్లున్నట్టే లెక్క. ఇళ్ళ జాబితాలో కప్పు దేంతో వేశారని అడిగే చోట ప్లాస్టిక్, పాలిథీన్ అని ఒక గడి ఉంది. ఆ గడిలో గీత గీశారు, పని అయిపోయింది. గుణదల కట్టమీది మనిషి ఇల్లు లేనివాళ్ళలో లేడు, పట్టా ఉన్నవాళ్ళలోనూ లేడు.

పట్నాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కల ప్రకారమే విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. కనీసం పది ఉండాలి. ఉన్నా అవి ఎక్కువగా ఒంటరి మనిషి ఆ రాత్రికి నడుం వాల్చటానికే పనికొస్తాయి. పొయ్యి వెలిగించుకునే సంసారం అందులో ఎలా సాగుతుంది?

లెక్కలో లేకపోతే ఏమవుతుందో 2024లో చూశాం. ఆగస్టు 31 నాడు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. కొండవాలున గూడు కట్టుకున్న ప్రతివాడికీ అది హెచ్చరిక. మర్నాటికల్లా బుడమేరు మళ్ళింపు కాలవకి మూడు చోట్ల గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. తర్వాత సర్కారు సాయం ప్రకటించింది. మునిగిన ఇంట్లో కింది అంతస్తువాళ్ళకి 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్ళకి 10,000 రూపాయలు. మంచిదే. కాని కట్టమీది గుడిసె ఏ అంతస్తు కిందికి వస్తుంది? డోరు నంబరు పట్టుకుని వచ్చే మనిషి నంబరు లేని గుడిసె ముందు ఎందుకు ఆగుతాడు?

పాతవాళ్ళకి 1977 నవంబరు 19 గుర్తుండే ఉంటుంది. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజు. దాదాపు పదివేల మంది పోయారని సర్కారు లెక్కే చెప్పింది. పక్కా కట్టడంలోకి చేరగలిగినవాళ్ళు చాలామంది బతికారు. పల్లపు నేలలో తాటాకు గుడిసెల్లో ఉన్న కూలి కుటుంబాలు కుటుంబాలే కొట్టుకుపోయాయి. గాలీ నీళ్ళూ అందరిమీదా ఒక్కలాగే వచ్చాయి. చావు మాత్రం గోడ లేనివాణ్ణి ఏరుకుంది.

కాలవ రైతుది కాదా?

ఇక్కడ రైతు సోదరులు ఒక ప్రశ్న వేస్తారు. కట్టమీద గుడిసెలుంటే పూడిక తీసే యంత్రం ఎలా తిరుగుతుంది? గండి పడితే మట్టి ఎలా తోలతారు? ప్రకాశం బ్యారేజి కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుంది. చివరి భూములకు నీళ్ళందక ఏటా తగాదాలే. ప్రశ్న న్యాయమైనదే. కాలవ బాగుపడాలి, కట్ట గట్టిగా ఉండాలి. గుడిసెవాడు కూడా కట్టమీద పుట్టి కట్టమీదే చావాలని కోరుకోవటం లేదు. అతని కోరిక కూడా అక్కణ్ణించి పోవాలనే. ఎక్కడికి పోవాలో చెప్పండి అంటున్నాడు.

రైతు ఒక్కసారి ఆలోచించాలి. కాలవని కుంచించింది గుడిసెలు మాత్రమేనా? బుడమేరు పొడుగునా లేచిన మేడలు, వెంచర్లు ఎవరివి? గుడిసె పీకటానికి గంట పడుతుంది, మేడ జోలికి పోవాలంటే కోర్టులు, సర్వేలు, కమిటీలు. కాలవ నీళ్ళ మీద ఆధారపడ్డ రైతూ, ఆ రైతు పొలంలో ఊడ్చి వచ్చిన కూలీ ఒకే కాలవ బిడ్డలు. వీళ్ళిద్దరూ తగువులాడుకుంటే లాభపడేవాడు మూడోవాడు.

ఈ తగువు అమరావతిలో ఇంకా బాగా కనబడింది. రాజధాని కోసమని 2015లో రైతుల దగ్గర వేల ఎకరాలు సమీకరించారు. 2023 మే నెలలో అందులో ఆర్-5 జోన్ అని పెట్టి ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పేదలకు 50,793 పట్టాలు పంచారు. ఒక్కొక్కరికి ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. రైతులు కోర్టుకి పోయారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ళ కట్టుబడి ఆపమంది. రైతుకిచ్చిన మాట ఒకటి, పేదకిచ్చిన కాగితం ఒకటి. రెండూ ఒకే నేల మీద పెట్టి, వాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టారు. పట్టా చేతికొచ్చిన కూలి మనిషి పట్టా కిందే మిగిలింది. ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో టార్పాలిన్ కొస.

తేదీలు దాటిపోయాయి

పేదలకు ఇళ్ళిస్తామన్న మాట కొత్తది కాదు. 2006లో ఇందిరమ్మ ఇళ్ళన్నారు. 2007లో భూమి కోసం, ఇళ్ళ స్థలాల కోసం వామపక్షాలు ఉద్యమం చేస్తే జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. ఇంటి స్థలం అడిగినందుకు ఇచ్చిన జవాబు అది. 2015లో కేంద్రం 2022 కల్లా అందరికీ ఇల్లన్నది. 2022 వచ్చింది, పోయింది. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో ముప్ఫై లక్షల పైచిలుకు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర, కట్టుకోవటానికి 1.80 లక్షలు. ఇటుక, సిమెంటు, ఇనుము ధరలు తెలిసిన తాపీ మేస్త్రిని అడగండి, ఆ డబ్బు ఏ మట్టం దాకా వస్తుందో. 2024 ఎన్నికల్లో గెలిచిన కూటమి పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లన్నది.

ఇచ్చినచోట ఇంకో చిక్కుంది, దూరం. కేంద్రం 2005లో మొదలుపెట్టిన నగర పథకం కింద జక్కంపూడిలో అంతస్తుల ఇళ్ళు కట్టారు. గుణదల నగరానికి తూర్పున, జక్కంపూడి వాయవ్యాన. పాచి పని చేసే ఆడమనిషి పొద్దున్నే ఆరింటికి ఇంకొకరి వాకిట్లో ఉండాలి. రానూపోనూ ఆటోలకే సగం కూలి పోతే ఆ ఇల్లెందుకు? గోడలున్న ఇంటికి తాళం వేసి మళ్ళీ కట్టమీదికి వచ్చేవాళ్ళను చూసి ‘ఇళ్ళిచ్చినా ఉండరు’ అని ఆఫీసర్లు నవ్వుతారు. పనికి దూరంగా ఇచ్చిన ఇల్లు కూడా ఒక రకం తాత్కాలికమే.

చట్టం ఎటు చూస్తోంది?

బొంబాయి ఫుట్‌పాత్ జనం కేసులో 1985లో సుప్రీంకోర్టు బతుకుదెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనన్నది. అయినా ఖాళీ చేయించటాన్ని ఆపలేదు, వానాకాలం వెళ్ళేదాకా ఆగమన్నది. 2024 నవంబరు 13న అదే కోర్టు, 15 రోజుల నోటీసు లేకుండా ఇళ్ళు కూల్చొద్దని ఆదేశించింది. పేదలు సంతోషించారు. కాని ఆ ఆదేశంలోనే రోడ్డు, ఫుట్‌పాత్, రైలు లైను పక్కన, నది, జలవనరుల దగ్గర ఉన్నవాటికి ఇది వర్తించదని ఉంది. మరి గుణదల పేదవాడు ఉన్నదెక్కడ? రైలు లైను పక్కన, కాలవ గట్టున. రాష్ట్రంలో క్రమబద్ధీకరణ జీవోలదీ ఇదే దారి. ‘అభ్యంతరం లేని’ పోరంబోకుకే పట్టా. వీళ్ళది ఎప్పుడూ ‘అభ్యంతరకరం’. భూమికి అభ్యంతరం ఉండొచ్చు, మనిషికి ఉండటానికి వీల్లేదు.

ఏం అడగాలి?

ఒకటి. గుడిసె గుడిసెకీ పేరు పేరునా సర్వే జరగాలి. 2027 జనాభా లెక్కల్లో పాలిథీన్ కప్పు కింద ఉన్నవాణ్ణి ఇల్లున్నవాడిగా రాయకూడదు.

రెండు. ముందు కొత్త ఇంటి తాళంచెవి, ఆ తర్వాతే ఖాళీ. వానాకాలంలో, బడి పరీక్షల రోజుల్లో ఒక్క గుడిసె కూడా కదిలించకూడదు.

మూడు. పనికి నడిచో, ఒక్క బస్సులోనో పోగలిగినంత దూరంలో స్థలం ఇవ్వాలి. ఇస్తామన్న రెండు సెంట్లూ ఇవ్వాలి. పట్టా ఇల్లాలి పేరున ఉండాలి. తగాదా లేని భూమి ఇవ్వాలి.

నాలుగు. నడుమ కొన్నాళ్ళు తాత్కాలిక వసతి తప్పదంటే నీళ్ళు, దీపం, మరుగుదొడ్డి, తలుపుకి గడియ ఉండాలి. ఎప్పటిదాకానో తేదీ వేసి సంతకం పెట్టిన కాగితం కుటుంబం చేతికివ్వాలి. ఆ తేదీ దాటితే అద్దె సర్కారే కట్టాలి.

ఐదు. అసలు పల్లెలోనే కూలీకి ఇంటి స్థలం, పని దొరికితే ఇంతమంది కట్టమీదికి రారు. డెల్టా గ్రామాల్లో పోరంబోకు, మిగులు భూముల లెక్క బయటపెట్టి అక్కడే ఇళ్ళ స్థలాలివ్వాలి.

ఇవి ఆకాశంలో చుక్కలు కావు. తిరునాళ్ళకి లక్షల మందికి మూడు రోజులు నీడ ఏర్పాటు చెయ్యగలిగిన ఊరు ఇది. మంత్రులు వచ్చి పట్టాలిస్తామన్నప్పుడు చప్పట్లు కొట్టేముందు ఒక్క మాట అడగాలి. ఎక్కడ, ఎన్ని గజాలు, ఏ తేదీకి? ఆ మూడూ కాగితం మీద పెట్టేదాకా కట్టమీది కూలీ, కట్ట కింది రైతూ కలిసి అడుగుతూనే ఉండాలి.